ఎనిమిది నెలలైనా ఒక్క జర్మన్ స్నేహితుడూ లేడు

ప్రశ్న: మాది కావలి. జర్మనీలోని కెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. వచ్చి ఎనిమిది నెలలైంది. ఫ్లాట్లో నలుగురం తెలుగువాళ్ళమే. ఒకసారి క్లాస్‌మేట్ గ్రిల్ పార్టీకి పిలిచి, 'నీ మాంసం నువ్వు తెచ్చుకో' అన్నాడు. పిలిచి అవమానించినట్టనిపించి వెళ్ళలేదు. నేను తాగను. తాగకపోతే వాళ్ళు కలుపుకోరని రూమ్మేట్లు అంటారు. జర్మన్‌లో మాట్లాడబోతే 'దొరబాబు బయల్దేరాడు' అని నవ్వుతారు. అమ్మేమో 'వాళ్ళతో మనకెందుకు నాయనా, చదువుకొని వచ్చెయ్' అంటుంది. రాత్రిళ్ళు దిగులుగా ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: నా కొడుకు వయసువాడివి, అందుకే నువ్వు అనే అంటున్నాను. ముందు ఆ మాంసం సంగతి చూద్దాం. నీ దిగులు సగం అక్కడే ముడిపడి ఉంది.

మన వైపు భోజనానికి పిలిచి 'కూర నువ్వు తెచ్చుకో' అంటే ఆ గడప మళ్ళీ తొక్కం. అక్కడ గ్రిల్ అంటే చోటు, బొగ్గులు పిలిచినవాడివి. కాల్చుకునేది ఎవరిది వాళ్ళు తెచ్చుకోవడం మామూలు. హోటల్లో బిల్లు కూడా చాలాసార్లు ఎవరిది వాళ్ళే కడతారు. ఇందులో నీకు లాభమే. పంది, గొడ్డు మాంసం తినకపోతే నీ కోడి ముక్కలు నువ్వు పట్టుకెళ్తావు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పుట్టినరోజుల్లోనూ ఇలాంటి తిరకాసులే. కేకు పుట్టినరోజువాడే తెస్తాడు. ముందురోజే శుభాకాంక్షలు చెబితే అరిష్టమంటారు. ఈ వారమే ఆ అబ్బాయి దగ్గరికెళ్ళి, 'మీ పద్ధతి తెలియక తప్పుగా అనుకున్నాను' అని చెప్పెయ్. నాకు తెలిసి నవ్వేస్తాడు.

తాగుడు గురించి మీ రూమ్మేట్ల మాట నేను నమ్మను. ఆల్కహాల్ లేని బీరు అక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె పెద్దవాళ్ళూ తాగుతారు. 'నైన్, డాంకె' (వద్దు, థాంక్స్) అని మర్యాదగా అంటే చాలు, మన పెళ్ళి పందిట్లోలాగా 'నామీద ఒట్టు, ఇంకొక్కటి' అనేవాళ్ళు అరుదు.

మన ఊళ్ళో స్నేహం టీ కొట్టు దగ్గర ఊరికే కుదిరిపోతుంది. అక్కడ ఎక్కువగా ఏదో ఒక పని మీద కుదురుతుంది. ఫుట్‌బాల్‌కో, పాటకో, చదరంగానికో, చివరికి ఊరి అగ్నిమాపక దళానికో 'ఫెరైన్' అనే సంఘాలుంటాయి. మంగళవారం ఏడింటికి అంటే ఏడింటికే. మొదటి నెల ఎవరూ పెద్దగా పలకరించకపోవచ్చు, చిన్నబుచ్చుకోకు. ఓ రెండు మూడు నెలలు పోయాక ఒక వారం మానేసి చూడు, 'పోయిన వారం రాలేదే' అని ఎవరో ఒకరు అడుగుతారు. యూనివర్సిటీలో ఆటల క్లాసులుంటాయి, ముందు అందులో ఏదో ఒక్కదాంట్లో చేరు. క్రికెట్ మాత్రం వద్దు, అక్కడా మళ్ళీ మనవాళ్ళే తగులుతారు!

భాషకు భయపడకు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకూ 'డూ', 'జీ' ఉన్నాయి. విద్యార్థుల మధ్య డూ, ఆఫీసులో, ఇంటి ఓనరు దగ్గర జీ. ఈ తేడా నీకు ఇట్టే పట్టుబడుతుంది. పెద్దవాళ్ళకు పాఠాలు చెప్పే ఫోక్స్‌హోఖ్‌షూలె అనే బడుల్లో జర్మన్ కూడా నేర్పుతారు. కాకపోతే కెమ్నిట్స్ ఉన్నది సాక్సనీలో, ఆ యాస పుస్తకాల్లో ఉండదు. మన నెల్లూరు యాస విని హైదరాబాదువాళ్ళు తెల్లబోయినట్టు కొన్నాళ్ళు నువ్వూ తెల్లబోతావు. ఆ మాటకు అర్థమేంటని వాళ్ళనే అడుగు.

పోయిన డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతున్నప్పుడు, కిటికీల్లో విల్లు ఆకారంలో చెక్క దీపాలు చూసే ఉంటావు. అవి ఆ పక్కనే ఉన్న ఎర్ట్స్‌గెబిర్గె కొండల పనితనం. గనులు వట్టిపోయే కొద్దీ అక్కడివాళ్ళు చెక్కపనికి మళ్ళారు. సైఫెన్ అనే ఊరు చెక్కబొమ్మలకే పేరు. నాకైతే వెంటనే మన ఉదయగిరి గుర్తొస్తుంది. ఆ దుర్గం కింద చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అమ్మను అర డజను ఉదయగిరి చెంచాలు పంపమను. ఎవరింటికైనా పిలిస్తే ఒకటి తీసుకెళ్ళి, 'మా జిల్లాలోనూ చెక్క చెక్కుతారు' అని మాట మొదలుపెట్టు. ఇండియా అంటే తాజ్‌మహల్ ఒక్కటే అనుకునేవాళ్ళకు కావలి ఎక్కడుందో చూపించాల్సి వస్తుంది.

రూమ్మేట్లను వదులుకోమనడం లేదు. జ్వరమొస్తే గంజి కాచిచ్చేది వాళ్ళే. కానీ నలుగురూ ఒకరి భయానికి ఒకరు కాపలా కాస్తున్నారు. దొరబాబని నవ్వినవాడే రేపు అద్దె కాగితాలు చదివిపెట్టమని నీ దగ్గరికొస్తాడు. చేపల పులుసు వండుకున్న రోజు ఆ క్లాస్‌మేట్‌ను మీరే పిలవండి. ఒంటిగంటకంటే ఒంటిగంటకే వస్తాడు, అప్పుడు చింతపండు నానబోస్తూ కూర్చోకండి. కారం తగ్గించండి. రాత్రి పది దాటాక గోల చేసే అలవాటుంటే మానుకోండి. పక్కవాళ్ళు ముభావంగా ఉండటానికి అదే కారణమేమో.

అమ్మ భయం అసలు నువ్వు తిరిగి రావేమోనని. ఆ రోజు వీడియో కాల్ చేసి అబ్బాయిని చూపించు. పులుసు ఎలా ఉందో ఆమే అడుగుతుంది.

అందరూ మంచివాళ్ళని చెప్పను. మొహం మీదే ఈసడించేవాడు ఒకడు తగలొచ్చు. ఎవరైనా బెదిరిస్తే పోలీసు నంబరు 110. ఇక రాత్రిళ్ళ దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్ర పట్టకపోతే, స్నేహితులు దొరికేదాకా ఆగొద్దు. విద్యార్థుల బాగోగులు చూసే స్టూడెంటెన్‌వెర్క్ అనే సంస్థలో మానసిక సలహా ఇచ్చేవాళ్ళుంటారు, అపాయింట్‌మెంట్ తీసుకో. అమ్మకు చెప్పాలా వద్దా అన్నది తర్వాత.

ఎండలున్న ఈ రోజుల్లో గ్రిల్‌కు మళ్ళీ పిలుస్తారు. కోడి ముక్కలకు ముందురోజు రాత్రే ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి పెట్టుకో. కాస్త ఎక్కువే పట్టుకెళ్ళు, అడుగుతారు.