తమ్ముడి పెళ్లి, పిల్లల స్కూలు సెలవు: పెద్దమ్మ రాసిన ఉత్తరం

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. తమ్ముడి పెళ్లికి పంతులుగారు మాఘంలో రెండు ముహూర్తాలు చెప్పారనీ, రెండూ పిల్లల స్కూలు జరిగే రోజుల్లోనే పడ్డాయనీ, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మీ వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో సలహా ఇస్తుంటే టెన్షన్ పెరిగిపోతోందనీ రాశావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడి ప్రైమరీ స్కూలు ఆఫీసులో ఏళ్ల తరబడి అటెండెన్స్ రిజిస్టర్ చూశాను కదా. తల్లిదండ్రులు ఇచ్చే సెలవు దరఖాస్తులు, వాటికి హెడ్‌టీచర్ ఇచ్చే జవాబులు, ఆ తర్వాత కౌన్సిల్ (స్థానిక సంస్థ) నుంచి వచ్చే నోటీసులు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్లేవి. కాబట్టి గ్రూపు మాటలు కాసేపు పక్కన పెట్టి ఇది చదువు.

మనం చదువుకున్న రోజుల్లో "జ్వరం కారణంగా రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన" అని నాన్న సంతకంతో చీటీ ఇస్తే సరిపోయేది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఒకప్పుడు ఇక్కడ కూడా కుటుంబంతో ఊరెళ్లడానికి ఏడాదికి పది రోజుల దాకా ఇచ్చే వెసులుబాటు హెడ్‌టీచర్‌కు ఉండేది. 2013 సెప్టెంబర్ నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు అసాధారణమైన కారణం ఉంటేనే సెలవు ఇవ్వాలి. ఏది అసాధారణమో, ఎన్ని రోజులు ఇవ్వాలో తేల్చేది హెడ్‌టీచరే. విహారయాత్ర ఆ లెక్కలోకి రాదని విద్యాశాఖ స్పష్టంగా చెప్పింది. సెలవుల్లో టికెట్లు రెట్టింపు ధర పలుకుతాయనేది మన కష్టమే గాని, స్కూలుకు అది కారణం కాదు. దరఖాస్తులో ఆ మాట అస్సలు రాయకు.

"మా వాడి హాజరు ఎప్పుడూ బాగుంటుంది, ఒక వారం మానేస్తే ఏమవుతుంది" అని నువ్వు అడిగావు. ఇదే వాదనతో ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఐల్ ఆఫ్ వైట్‌కు చెందిన జాన్ ప్లాట్ 2015 ఏప్రిల్‌లో కూతుర్ని ఫ్లోరిడా తీసుకెళ్లాడు. స్కూలు ముందే వద్దంది. జరిమానా కట్టనన్నాడు. మా అమ్మాయి హాజరు తొంభై శాతం పైనే ఉంది, అది చాలదా అన్నాడు. కింది కోర్టుల్లో గెలిచాడు కూడా. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మాత్రం ఒప్పుకోలేదు. స్కూలు పెట్టిన నియమాల ప్రకారం రావాలి, శాతాల లెక్క కుదరదని తేల్చేసింది. కాబట్టి మంచి హాజరు నీ దరఖాస్తుకు బలమే గాని, అది హక్కు కాదు.

ఇక జరిమానా సంగతి. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటికీ ఒకే లెక్క. స్కూలు రోజును ఉదయం, మధ్యాహ్నం అని రెండు పూటలుగా లెక్కిస్తారు. పది స్కూలు వారాల్లో పది పూటలు, అంటే ఐదు రోజులు, అనుమతి లేకుండా మానేస్తే జరిమానా నోటీసు ఇవ్వాలా వద్దా అని స్కూలు ఆలోచించి తీరాలి. ఉదయం రిజిస్టర్ మూసేశాక బాగా ఆలస్యంగా వచ్చిన పూటలు కూడా ఇందులో కలుస్తాయి. ఇది చాలామందికి తెలియదు. "నాలుగు రోజులే కదా" అనుకుని వెళ్లినవాళ్లకు అంతకు ముందు నెలలో జరిగిన ఆలస్యాలు కలిసి పది పూటలు దాటిపోవడం నేను చూశాను. పది నిండకపోయినా, కావాలనుకుంటే నోటీసు ఇచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది.

జరిమానా 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, అది దాటి 28వ రోజు లోపు అయితే 160. ఇది ఇంటికి ఒకటి కాదమ్మా, ఒక్కో పిల్లకు, ఒక్కో తల్లి లేదా తండ్రికి విడివిడిగా పడుతుంది. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, మీరిద్దరు, అంటే నాలుగు నోటీసులు. మొత్తం 320 పౌండ్లు, ఆలస్యమైతే 640. పాప ఇంకా రిసెప్షనే (ఇక్కడి స్కూల్లో మొట్టమొదటి తరగతి) కదా, దానికి వర్తించదేమో అన్నావు. ఐదు నిండిన తర్వాత వచ్చే టర్మ్ నుంచి వర్తిస్తుంది. దానికి నవంబర్‌లో ఐదు నిండుతాయి కాబట్టి జనవరి నుంచే లెక్కలోకి వస్తుంది. మూడేళ్లలో అదే పిల్ల విషయంలో రెండోసారి నోటీసు వస్తే నేరుగా 160, తగ్గింపు లేదు. మూడోసారి ఇక జరిమానాతో సరిపెట్టరు, మెజిస్ట్రేట్ కోర్టుకు పంపే అవకాశం ఉంది. గడువులో కట్టేస్తే ఆ విషయం అక్కడితో ముగుస్తుంది, కేసు ఉండదు. కానీ నోటీసుపై అప్పీలు లేదు. కట్టకుండా వాదిస్తూ కూర్చుంటే కోర్టే.

కార్డిఫ్‌లో ఉన్న మీ ఫ్రెండ్ తనకు పది రోజులు ఇచ్చారని చెప్పిందన్నావు. నిజమే అయ్యుంటుంది. వేల్స్‌లో హెడ్‌టీచర్‌కు ఆ వెసులుబాటు ఇంకా ఉంది. స్కాట్లండ్‌లోనైతే ఇలాంటి జరిమానా నోటీసులే లేవు. నువ్వు ఉన్నది ఇంగ్లండ్‌లో, వాళ్లకు చెల్లింది నీకు చెల్లదు.

ఇప్పుడు అసలు మాట. గ్రూపులో ఎవరో "జ్వరమని మెయిల్ పెట్టేసి ఫ్లైట్ ఎక్కేయండి" అన్నారట. ఆ పని చేయకు. పట్టుబడతావేమో అన్న భయం ఒక్కటే కాదు. పట్టుబడటం ఖాయం అనుకో. చిన్నపిల్లలు తిరిగొచ్చిన మొదటి రోజు పొద్దున్నే కార్పెట్ మీద కూర్చుని టీచర్‌కు ఊరి కబుర్లన్నీ చెప్పేస్తారు. చేతి నిండా గోరింటాకు, మెడలో కొత్త గొలుసు, ఏనుగంత కేకు కట్ చేశాం అన్న కబురు. ఆ టీచర్ ఏమీ అనదు, కానీ ఆఫీసుకు వచ్చి చెబుతుంది. అప్పుడు జ్వరం అని వేసిన గుర్తు కొట్టేసి అనుమతి లేని గైర్హాజరు అని మారుస్తారు. ఆ తర్వాత నీ పిల్లకు నిజంగా జ్వరం వచ్చినా డాక్టర్ కాగితం అడుగుతారు. ఇవన్నీ ఒక ఎత్తు. అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. "మామయ్య పెళ్లికి వెళ్లామని స్కూల్లో చెప్పకు" అని ఐదేళ్ల పిల్లకు నేర్పించే తల్లులను చూశాను. జీవితంలో మొదటిసారి బట్టలు పెట్టించుకుని, అక్షింతలు వేసి, అంత సంబరం చూసి వచ్చిన పిల్ల టీచర్ అడిగితే తల దించుకుని నిలబడుతుంది. మన ఇంటి పెళ్లి దాచుకోవాల్సిన విషయమని దానికి నేర్పవద్దు, అమ్మడూ.

మరి ఏం చేయాలి? పని పెళ్లింటి నుంచి మొదలుపెట్టు. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడ హాఫ్ టర్మ్, అంటే టర్మ్ మధ్యలో స్కూళ్లకిచ్చే వారం సెలవు, ఉంటుంది. ముందు శనివారం నుంచి తర్వాతి ఆదివారం వరకు తొమ్మిది రోజులు చేతికొస్తాయి. మీ స్కూలు వెబ్‌సైట్‌లో టర్మ్ తేదీలు ఉంటాయి. ఇన్‌సెట్ రోజులు, అంటే టీచర్ల శిక్షణకు పిల్లలకు సెలవిచ్చే రోజులు, ఆ వారానికి అటో ఇటో కలిసి ఉన్నాయేమో చూడు. ఆ తేదీలు మీ అమ్మకు పంపి, ఆ వారంలో ముహూర్తం ఏమైనా ఉందేమో పంతులుగారిని మళ్లీ చూడమను. మూఢం అడ్డం రాకపోతే మాఘంలో ముహూర్తాలకు కొరత ఉండదు. పెళ్లికూతురి వాళ్లతో మాట్లాడటానికి మొహమాటపడొద్దు. ఆడపడుచు లేకుండా తాళి కట్టించుకోవాలని వాళ్లకూ ఉండదు. శుభలేఖలు అచ్చుకు వెళ్లకముందే ఈ మాట అడగాలి, కల్యాణ మండపం అడ్వాన్సు ఇచ్చేశాక ఎవరూ ఏమీ చేయలేరు.

అలా కుదరకపోతే, ముహూర్తం హాఫ్ టర్మ్‌కు వీలైనంత దగ్గరగా ఉండేలా చూసుకో. అప్పుడు అడగాల్సింది ఒకటి రెండు రోజులే అవుతుంది. నేను చూసిన హెడ్‌టీచర్లలో చాలామంది తోబుట్టువుల పెళ్లికి ఒకటో రెండో రోజులు ఇచ్చారు. రెండు వారాలు అడిగినవాళ్లకు ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. ఇవ్వాలన్న నియమమైతే ఎక్కడా లేదు.

దరఖాస్తు ముందుగానే పెట్టాలి. వెళ్లొచ్చాక అడిగితే ఎంత మంచి హెడ్‌టీచరైనా అనుమతి ఇవ్వడానికి నియమం ఒప్పుకోదు. పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారో ఆ తల్లో తండ్రో అడగాలి, కాబట్టి నీ పేరుతోనే పెట్టు. చాలా స్కూళ్లలో ఫారం ఉంటుంది, దాంతోపాటు ఒక చిన్న ఉత్తరం జతచెయ్యి. అందులో ఇంచుమించు ఈ మాటలు ఉండాలి:

"నా సొంత తమ్ముడి పెళ్లి ఫలానా తేదీన ఇండియాలో జరుగుతోంది. మా సంప్రదాయంలో పెళ్లి రోజును పంచాంగం చూసి నిర్ణయిస్తారు. హాఫ్ టర్మ్ వారంలోనే పెట్టుకోవాలని ప్రయత్నించాం, కుదరలేదు. పెళ్లిలో మా అబ్బాయి తోడు పెళ్లికొడుకుగా వరుడి పక్కన కూర్చుంటాడు, అది కుటుంబంలో వాడికి ఇచ్చే గౌరవం. గురు, శుక్రవారాలు రెండు రోజులు మాత్రమే సెలవు కోరుతున్నాం. హాఫ్ టర్మ్ తర్వాత సోమవారం ఇద్దరూ స్కూల్లో ఉంటారు. శుభలేఖ ప్రతి జత చేశాం. నిర్ణయం మీదేనని మాకు తెలుసు."

ఇంతే. పెద్ద పెద్ద పేరాలు వద్దు. "టికెట్లు కొనేశాం" అని రాయకు, అది చదివితే అడగడం మాటవరసకే అనిపిస్తుంది. తోడు పెళ్లికొడుకు సంగతి మాత్రం తప్పకుండా రాయి. ఇంగ్లీషువాళ్లకు మన పెళ్లి తంతు తెలియదు. చిన్నవాడికి పీటల దగ్గర చోటు ఉందని తెలిస్తే హెడ్‌టీచర్ దాన్ని ఊరికే షికారుగా చూడరు. నాకు తెలిసిన ఒక హెడ్‌టీచర్ అలాంటి ఉత్తరం చదివి, పిల్లవాడు వచ్చాక అసెంబ్లీలో పెళ్లి గురించి చెప్పించారు.

ఒకవేళ కాదన్నారనుకో. కోపంతో జవాబు రాయకు. ఇంకో దారి చూడు. నువ్వు ముందు వెళ్లు, అల్లుడుగారు పిల్లల్ని శుక్రవారం స్కూలు విడిచాక నేరుగా హీత్రూకు తీసుకురావచ్చు. హీత్రూ నుంచి హైదరాబాద్‌కు నేరుగా ఫ్లైట్ ఉంది. అదీ కుదరదంటే నా అభిప్రాయం దాచుకోను. నిజం చెప్పే వెళ్లు, ఆ రెండు రోజులూ అనుమతి లేనివిగా పడనివ్వు. రెండు రోజులంటే నాలుగు పూటలు. ఆ పది వారాల్లో ఇంకే గైర్హాజరూ ఆలస్యమూ లేకుండా చూసుకో. సొంత తమ్ముడి పెళ్లి కోసం ఆ మచ్చ భరించవచ్చు. ఎలాగూ మచ్చ పడింది కదా అని పది రోజులు సాగదీస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకొక్కటి. పెళ్లి అయ్యాక పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి నెల రోజులు అక్కడి స్కూల్లో కూర్చోబెడదామని మీ అమ్మ అందట. వద్దని నా మాటగా చెప్పు. వరసగా 20 స్కూలు రోజులు అనుమతి లేకుండా రాకపోతే, స్కూలూ కౌన్సిలూ విచారించి పేరు కొట్టేయవచ్చు. మీ స్కూల్లో సీటు కోసం ఎంతమంది వెయిటింగ్ లిస్టులో ఉన్నారో నీకు తెలుసు. పోయిన సీటు మళ్లీ రాదు.

వచ్చే ఏళ్లకు కూడా ఇప్పుడే ఆలోచించుకో. క్రిస్మస్ సెలవులు దాదాపుగా ధనుర్మాసంలో పడతాయి, అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, సంక్రాంతి నాటికి స్కూళ్లు తెరిచేస్తారు. శ్రావణం మాత్రం చాలా ఏళ్లు ఆగస్టులోకి వస్తుంది, అందుకని ఇంట్లో శుభకార్యాలు ఏవైనా శ్రావణంలో పెట్టుకోమని ఇరువైపుల వాళ్లకూ ముందే చెప్పి ఉంచు. దీపావళికి ఒక రోజు మత సంబంధమైన సెలవుగా అడగవచ్చు, సాధారణంగా ఇస్తారు. అది పండుగ రోజుకే, ప్రయాణానికి కాదు. బాబు ఇప్పుడు ఇయర్ 4. ఇయర్ 5 అయ్యాక వచ్చే ఆగస్టులో ఊరెళ్లాలంటే ఆలోచించు, గ్రామర్ స్కూల్ (ప్రవేశ పరీక్ష పెట్టి సీట్లిచ్చే సెకండరీ స్కూలు) పరీక్ష రాయించాలనుకుంటే అది సెప్టెంబర్‌లోనే ఉంటుంది. సెకండరీ స్కూలు సీటు దరఖాస్తుకు గడువు అదే ఏడాది అక్టోబర్ 31, అప్పుడు దసరాకో దీపావళికో ఇండియాలో ఉంటే ఆన్‌లైన్‌లో పెట్టి వెళ్లు.

పెళ్లి కబురు మధ్యలో రాయడం బాగోదు గాని, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోక ఉన్నపళంగా బయలుదేరాల్సి వస్తే దరఖాస్తు ఫారం కోసం ఆగొద్దు. ఎయిర్‌పోర్టు నుంచైనా ఆఫీసుకు మెయిల్ పెట్టి, ఎందుకు వెళ్తున్నామో ఒక్క ముక్క రాసి, తిరుగు ప్రయాణం తేదీ తెలియగానే చెబుతామను. అలాంటప్పుడు స్కూళ్లు మనుషుల్లాగే స్పందిస్తాయి. ఆ మెయిల్ లేకుండా మాయమైతేనే ఇంటికి ఫోన్లు, మనుషులు వస్తారు.

టర్మ్ తేదీలు ఈ ఆదివారంలోపు మీ అమ్మకు పంపు. ముహూర్తం ఖాయమయ్యాక ఉత్తరం ఇంగ్లీషులో రాసి, స్కూలుకు ఇచ్చే ముందు నాకు పంపు, చూసి పెడతాను. బాబుకు పట్టుపంచె కొలతలు కూడా అందులోనే రాయి, పెద్దనాన్న వచ్చే వారం ఊరెళ్తున్నారు, కొనుక్కొస్తారు.

మీ పెద్దమ్మ