ఎడారి కొండల మ్యాపులంటే పిచ్చి.. మా వాణ్ణి ఏం చదివించాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. మా వాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సహారా ఎడారిలోని తిబెస్తి అగ్నిపర్వతాలకు మ్యాపులు గీస్తానంటాడు. కోపంలో గోడ మీది మ్యాప్ చించేశాను. నోట్‌బుక్ నిండా ఇవే గీతలు, ఫొటో పంపుతున్నాను. తెలిసినవాళ్లు డ్రోన్ కోర్సు మేలంటున్నారు. సివిల్ ఇంజినీరింగ్ మంచిదా, కంప్యూటర్‌తో మ్యాపుల పని నేర్పే జియోఇన్ఫర్మేటిక్స్ మంచిదా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే గానీ, అసలు భయం వేరు. చేతికందొచ్చిన కొడుకు ఎడారి పాలవుతాడని. ఆ టెన్షన్ వదిలేయండి. వాడు చెప్పే తిబెస్తి పర్వతాలు చాద్ దేశంలో ఉన్నాయి, పాత యుద్ధం నాటి మందుపాతరలు ఉన్న ప్రాంతం. అలాంటి చోట్ల మ్యాపుల పని చాలావరకు గదిలో కూర్చునే చేస్తారు. 2000 ఫిబ్రవరిలో నాసా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజుల్లో రాడార్‌తో సేకరించిన ఎత్తుల డేటా ఇవాళ ఉచితం. కాకపోతే పొడి ఇసుక మీద రాడార్ సంకేతం సరిగా తిరిగి రాదు, నిటారు కొండల వెనక నీడ పడుతుంది. అక్కడ డేటాలో మిగిలే ఖాళీలు పూడ్చి, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) నిజమో కాదో పట్టుకోవడమే అసలు విద్య.

ఫొటో చూశాను. గుండ్రటి గీతకు లోపలి వైపు పళ్లలా చిన్న గీతలు పెట్టాడు. ‘ఇక్కడ నేల లోపలికి దిగింది’ అని చెప్పే గుర్తు అది. తిబెస్తిలోని ఎమి కౌస్సీ సహారాలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం (3,415 మీటర్లు). దాని నోటి లోపల ఇంకో గొయ్యి ఉంది, అడుగున తెల్లటి సోడా ఉప్పు. మీవాడు రెండు గోతుల్నీ విడివిడిగా చూపించాడు. ఇంటర్‌లో ఇది ఎవరూ నేర్పరండీ. అలాంటి పిల్లవాడి మ్యాప్ చించడం తప్పు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

డ్రోన్ కోర్సు మీద నాకు నమ్మకం తక్కువ. భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి అందరూ దీని గురించే అడుగుతున్నారు. ఎగరేయడం వారంలో వస్తుంది. నేల మీద కంట్రోల్ పాయింట్లు (స్థానం, ఎత్తు కచ్చితంగా తెలిసిన గుర్తులు) కొలవడం రాకపోతే ఫొటోలు బ్రహ్మాండంగా ఉంటాయి, ఎత్తులు మాత్రం తప్పుతాయి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటే ఫీజు కట్టకండి.

నేనైతే సివిల్ అంటాను. సర్వేయింగ్ అందులోనే ఉంది, ఉద్యోగాల దారీ విశాలం. ఇష్టం నిలిస్తే తర్వాత డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్‌లో ఎంటెక్ ఉంది. జియోఇన్ఫర్మేటిక్సే కావాలంటే పేరు చూసి చేర్చకండి, సిలబస్‌లో గణితం, ప్రోగ్రామింగ్ ఎంతున్నాయో చూడండి.

పరీక్షలయ్యాక సర్వే ఆఫ్ ఇండియా సైట్ నుంచి మీ ఊరి టోపోషీట్ (ఎత్తుపల్లాలు చూపే మ్యాప్) దింపించండి, అదీ ఉచితమే. కాగితం పట్టుకుని ఇద్దరూ ఉదయగిరి దుర్గం ఎక్కండి. ఏ గీత ఏ రాయి దగ్గరో వాణ్ణి చెప్పమనండి, మీరు వినండి. వచ్చేటప్పుడు గోడకు కొత్త మ్యాప్ కొనివ్వండి.