బయాప్సీలో తేలని థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ ఎందుకు?

సూది పరీక్షలో క్యాన్సరో కాదో తేలకపోయినా థైరాయిడ్‌కు ఆపరేషన్ చేయాలనడం ఎంతవరకు సబబన్నది మీ ప్రశ్న. 'తేలలేదు' అంటే పరీక్ష సరిగా జరగలేదని కాదు. సూదితో వచ్చేవి విడి కణాలే. ఫాలిక్యులర్ రకం (థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాల నుంచి పుట్టే) గడ్డల్లో క్యాన్సర్ కణాలూ, హాని లేని గడ్డ కణాలూ మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఆ కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొరను గానీ, రక్తనాళాల గోడలను గానీ దాటి చొచ్చుకుపోయాయా లేదా అన్నది గడ్డను మొత్తంగా తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది.

రిపోర్టులో బెథెస్డా (సూది పరీక్ష ఫలితాలను 1 నుంచి 6 వరకు వర్గాలుగా విభజించే పద్ధతి) అన్నచోట 3 ఉందా, 4 ఉందా చూడండి. ఆ పద్ధతికి 2023లో జరిగిన సవరణ ప్రకారం ఆ గడ్డ క్యాన్సర్ అయి ఉండే అవకాశం 3లో సగటున 22 శాతం, 4లో 30 శాతం. అంటే ఎక్కువమందిలో అది క్యాన్సర్ కాదనే అర్థం. అందుకే 3 వచ్చినప్పుడు, అల్ట్రాసౌండ్‌లో అనుమానించదగినది లేకపోతే, సూది పరీక్షను మళ్లీ చేయించడం, జన్యు పరీక్షకు పంపడం వంటి దారులు ఆపరేషన్‌కు ముందే ఉంటాయి. 4 అయితే సాధారణంగా గడ్డ ఉన్న వైపు సగాన్నే తీస్తారు.

నా దృష్టిలో సర్జన్‌ను ముందుగా అడగాల్సింది, తీసేది సగమా, మొత్తమా అన్నదే. సగం మిగిలితే చాలామందికి హార్మోన్ మాత్రలు అవసరం రావు. మొత్తం తీస్తే అవి జీవితాంతం తప్పవు, పైగా కాల్షియంను నియంత్రించే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతినే ప్రమాదమూ పెరుగుతుంది. గొంతు నరానికి దెబ్బ తగిలి స్వరం బొంగురుపోవడం అరుదే గానీ, పాడటమో, పాఠాలు చెప్పడమో మీ వృత్తి అయితే ఆ మాట ముందే చెప్పండి. తీసిన భాగంలో క్యాన్సర్ బయటపడితే, దాని తీవ్రతను బట్టి మిగతా సగానికి రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు.