సంతకం ఉన్నంత మాత్రాన ‘గాలే’ గాజు అవుతుందా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి అక్కడి పాత సామాన్ల సంతలో ఒక చిన్న ఫ్లవర్ వాజ్ కొని తెచ్చింది. పసుప్పచ్చని గాజు మీద ఊదారంగు పూలు, ఆకులు ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఒక పక్క ‘గాలే’ అన్న సంతకం, దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తున్నాయి. నక్షత్రం ఉన్నవి చాలా అరుదనీ, ఇది గాలే స్వయంగా చేసినదనీ అమ్మినాయన చెప్పాడట. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అమ్మినాయన చెప్పిన రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. 1846లో ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్టణంలో పుట్టిన గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో మరణించాడు. ఆయన పోయిన తరువాత కొన్నేళ్ల పాటు ఆయన గాజు కర్మాగారంలో తయారైన వస్తువుల మీదనే సంతకానికి ముందు నక్షత్రం వేశారు. అంటే మీ వాజ్ మీది నక్షత్రం నిజమైనదే అయితే అది గాలే చేతి పని అయ్యే అవకాశమే లేదు. నిజానికి ఆయన బతికి ఉన్న రోజుల్లో కూడా ఈ రకం వాజులను పెద్ద సంఖ్యలో తయారుచేసినది అక్కడి పనివారే. ఆ పేరుతో ఉత్పత్తి 1930ల వరకూ సాగింది. కాబట్టి ‘స్వహస్తాలతో చేసినది’ అన్న మాటను పక్కన పెట్టి, ఇది ఆ కర్మాగారం నుంచి వచ్చినదా కాదా అన్నదే చూడండి.

చాలామంది మొదట సంతకం చూస్తారు. నా ఉద్దేశంలో అది ఆఖరున చూడవలసినది, ఎందుకంటే నకిలీ చేసేవాడికి అన్నిటికంటే సులువైన పని అదే. ముందు గాజును చూడాలి. ఈ రకం వాజులో రంగు రంగుల గాజు పొరలను ఒకదాని మీద ఒకటి వేసి ఊదుతారు. ఉంచుకోవలసిన పూలు, ఆకుల మీద ఆమ్లానికి లొంగని పూత పూసి, మిగిలిన భాగాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఈ పనిని దశలవారీగా చేయడం వల్ల పై పొర ఒకచోట దళసరిగా, మరొకచోట పలచగా మిగులుతుంది. మీ వాజును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకొని భూతద్దంతో ఒకే ఒక్క ఆకును చూడండి. ఈనె దగ్గర ముదురుగా ఉన్న ఊదారంగు అంచుకు వచ్చేసరికి పలచబడి, కింది పసుపు అందులోంచి కనబడుతూ ఉంటే పొరల గాజే అని తేలుతుంది. ఆకు అంతా ఒకే చిక్కదనంతో ఉండి, గోటితో గీస్తే రంగు లేచి వస్తే అది గాజు మీద పూసిన రంగు మాత్రమే, ఇక తక్కిన పరీక్షలు అక్కరలేదు.

అయితే పొరలు ఉన్నంత మాత్రాన పాతదని చెప్పలేము. ఇటీవలి దశాబ్దాలలో రొమేనియాలో ఇదే పద్ధతిలో, ఆమ్లంతోనే, గాలే పేరుతో నమూనాలు విరివిగా తయారవుతున్నాయి. వాటిలో చాలావాటి మీద పేరు పక్కనే ‘టిప్’ (TIP) అన్న మూడు రోమన్ అక్షరాలు ఉంటాయి. అది ‘గాలే తరహా’ అని చెప్పడానికి వేసిన గుర్తు, అందులో మోసం లేదు. మోసమల్లా చేతులు మారాక, ఎవరో ఆ మూడక్షరాలను అరగదీసి పాత వస్తువుగా అమ్మడంలో ఉంది. అందుచేత సంతకానికి అటూ ఇటూ వేలి కొసతో తడమండి. చుట్టుపక్కల లేని నునుపు గానీ, చిన్న పల్లం గానీ ఆ ఒక్కచోటే తగిలితే అనుమానించవలసిందే. ఆమ్లంతో చేసిన ఇలాంటి వాజుల మీద సంతకం కూడా సాధారణంగా పూల మాదిరే పై పొరలోంచి ఉబ్బెత్తుగా మిగిలి ఉంటుంది.

ఆ తరువాత వాజును బోర్లించి అడుగు చూడండి. నూరేళ్లు బల్లల మీద, అల్మరాలలో జరిగిన వస్తువుకు బల్లను తాకే అంచు మీద మాత్రమే, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు పోయే సన్నని గీతలు పడతాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చినప్పుడు గీతలన్నీ ఒకే వాటంగా ఉంటాయి. బల్లకు తగలని లోపలి గుంటలోనూ కనిపిస్తాయి. వాటి వల్లనే చాలా నకిలీలు దొరికిపోతాయి.

ప్రశ్న: నా దగ్గర రెనే లాలిక్ గాజు గిన్నె ఉంది. పేరు ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే ఎక్కువ విలువ అంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిజమే, కారణం కూడా సరళమైనదే. ఫ్రెంచి గాజు కళాకారుడైన లాలిక్ 1945లో మరణించాక ఆయన సంస్థ తన గుర్తులో ‘ఆర్’ తీసివేసింది. కానీ ఆయన రూపొందించిన కొన్ని నమూనాలను తరువాత కూడా పోతపోస్తూ వచ్చారు. కనుక గిన్నె అసలైనదే అయినా, దాని మీది ‘ఆర్’ ఎవరో తరువాత చెక్కినది కావచ్చు. ఆ అక్షరం లోతు, గీత సన్నదనం, అంచుల అరుగుదల పక్కనున్న అక్షరాలతో సరిపోతున్నాయో లేదో భూతద్దంతో పోల్చి చూడండి.

ప్రశ్న: అతినీలలోహిత టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరిసే గాజు పాతదేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. బాగా ప్రకాశవంతమైన ఆకుపచ్చ మెరుపు సాధారణంగా గాజులో యురేనియం కలిపారని చెబుతుంది. అలాంటి గాజును పంతొమ్మిదవ శతాబ్దంలో, నేటి చెక్ దేశంలో భాగమైన బొహీమియాలో చేశారు, ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తున్నారు. ఆ టార్చి గాజులో ఏముందో చెప్పగలదు గానీ ఎప్పటిదో చెప్పలేదు.

ప్రశ్న: మా తాతగారి నాటి గాజు వాజును నిర్ధారణ కోసం లండన్‌లోని వేలం సంస్థకు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తొందరపడి పంపకండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేళ్లకు తక్కువ కాని కళాఖండాలను, చేతిపని వస్తువులను పురావస్తువులుగా నిర్వచిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. మీ వాజు ఆ వయసుకు దగ్గరగా ఉండవచ్చు గనుక ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను సంప్రదించండి. చాలా వేలం సంస్థలు ఫొటోలు చూసి ప్రాథమిక అభిప్రాయం చెబుతాయి. పగటి వెలుగులో అడుగు భాగం, మూతి అంచు, సంతకం దగ్గరి నుంచి తీయండి. వెనక నుంచి వెలుతురు పడేలా మరొక ఫొటో తీసి, ఎత్తు, బరువు రాసి పంపితే చాలు.