బాక్స్ దగ్గర ఇంకో పాస్ ఇవ్వాలా, కొట్టేయాలా? ఒక పాత స్టాపర్ జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇది: ఒంగోలులో కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి స్ట్రైకర్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడిగా ఆడుతున్నావు. బాక్స్ దగ్గరికి, అంటే గోలు ముందు గీసిన పెద్ద గడి దగ్గరికి రాగానే కోచ్ "ఇంకో పాస్, ఇంకో పాస్" అంటారు. చుట్టూ నిలబడి చూసేవాళ్లు "కొట్టరా, కొట్టు" అని అరుస్తారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నావు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎదురుగా ఉన్న డిఫెండర్ ముఖం ఎటు ఉందో చూడు. వాడు నీ వైపు తిరిగి, కాళ్లు కుదురుకుని నిలబడి ఉంటే పాస్ ఇవ్వు. సొంత గోలు వైపు పరుగెత్తుతున్నా, పక్కకి తిరిగి తన మనిషి కోసం వెతుక్కుంటున్నా అప్పుడే కొట్టెయ్. రెండో టచ్ తీసుకోవద్దు.

నేనెప్పుడూ స్ట్రైకర్‌ని కాదు. నెల్లూరులో ఆడినంతకాలం స్టాపర్‌గానే, అంటే గోలు ముందు మధ్యలో నిలబడి అడ్డుకునే డిఫెండర్‌గానే ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తున్నాను. అందుకే ఈ సంగతి నాకు అవతలి వైపు నుంచి తెలుసు. ఎదుటి స్ట్రైకర్ పాతిక గజాల దూరం నుంచి కాలెత్తాడంటే మా వెనక లైన్ మొత్తానికి ప్రాణం లేచొచ్చేది. బంతి గోలు పైనుంచి పోతే గోల్ కిక్, అంటే బంతి మాదే. మా కీపర్ నింపాదిగా వెళ్లి బంతి తెచ్చుకునేలోపు మేం ఊపిరి పీల్చుకుని ఎవరి చోట వాళ్లం నిలబడేవాళ్లం. ఎవరి కాలికో తగిలి ఆగినా మాకు లాభమే. అంతసేపు కష్టపడి బాక్స్ దాకా తెచ్చిన దాడిని వాళ్లే మాకు అప్పజెప్పినట్టు.

మాకు భయం పుట్టించిన టీములు వేరే ఉండేవి. బంతిని ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమకి తిప్పేవాళ్లు. వాళ్లు ఒక్కో పాస్ ఇచ్చినప్పుడల్లా మేం నలుగురం నాలుగైదు అడుగులు జరగాలి, మధ్యలో సందు పడకూడదు. కొంతసేపయ్యాక కాళ్ల కంటే ముందు కళ్లు అలిసిపోతాయి. బంతిని చూస్తే మనిషి తప్పించుకుంటాడు, మనిషిని చూస్తే బంతి ఎక్కడుందో తెలియదు. అన్నిటికంటే ఘోరం కట్‌బ్యాక్. పక్క గీత వెంట ఆడే వింగర్ గోల్ లైన్ దాకా దూసుకెళ్తాడు, మేమంతా సొంత గోలు వైపు పరుగెత్తుతుంటాం, వాడు బంతిని వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు లాగుతాడు. మేం ఆగి, వెనక్కి తిరిగి, అడుగు వేయడానికి సెకను పడుతుంది. ఆ సెకనులో స్ట్రైకర్ మొదటి టచ్‌కే కొడితే మేం చేయగలిగింది ఏమీ లేదు. వాడు బంతిని ఆపి, కుడికాలికి సర్దుకుని, అప్పుడు కొడదామనుకుంటే మాత్రం నేను వచ్చేసేవాణ్ని. వాళ్ల టీమ్ అంతసేపు ఓపిగ్గా ఆడిందంతా ఆ ఒక్క టచ్‌లో పోయేది.

మీ టీమ్‌కి కావలసిన ఓపిక ఆ సెకను దొరికేదాకానే. దొరికాక ఇంకో పాస్ ఇస్తే అది కూడా తప్పే.

దూరం సంగతి కొంచెం వివరంగా చెప్తాను. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ స్పాట్ 11 మీటర్ల దూరంలో, బాక్స్ గీత 16.5 మీటర్ల దూరంలో ఉంటాయి. పెద్ద లీగుల్లో కూడా మొత్తం మీద చూస్తే సుమారు పది షాట్లకి ఒక గోలు పడుతుంది. బాక్స్ బయటి నుంచి కొట్టినవే తీసుకుంటే నూటికి మూడో నాలుగో. పెనాల్టీలైతే నాలుగింట మూడు గోలవుతాయి, ఎందుకంటే అక్కడ కీపర్ తప్ప అడ్డంగా మనిషి లేడు. వాళ్ల దగ్గర మంచి గడ్డి ఉంది, మంచి బంతి ఉంది, రోజంతా అదే పని. వాళ్లకే దూరపు షాట్ల లెక్క అలా ఉంటే మనకి ఇంకెలా ఉంటుందో ఆలోచించు. ఈ లెక్కలు అర్థమయ్యాకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో దూరం నుంచి కొట్టే షాట్లు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చాయి.

అయితే "తొందరగా కొట్టాలి" అనేవాళ్ల దగ్గరా ఒక లెక్క ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఇంగ్లండ్‌లో ఛార్లెస్ రీప్ అని వాయుసేనలో అకౌంట్స్ చూసిన ఆయన 1950 నుంచి మ్యాచ్‌లు చూస్తూ ప్రతి పాస్‌నీ కాగితం మీద రాసుకున్నారు. 1968లో బెంజమిన్ అనే గణాంక నిపుణుడితో కలిసి ఒక వ్యాసం వేశారు. అందులో తేలింది ఏమిటంటే, దాదాపు 80 శాతం గోల్స్ మూడు, అంతకంటే తక్కువ పాస్‌లతోనే వచ్చాయి. దాన్ని పట్టుకునే ఇంగ్లండ్‌లో చాలామంది కోచ్‌లు బంతిని పొడుగ్గా ముందుకి తన్నడమే సరైన ఆట అనుకున్నారు. కానీ అదే లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. మొత్తం దాడుల్లో 90 శాతానికి పైగా మూడు పాస్‌లు దాటకుండానే ఆగిపోయేవి. అంటే నూటికి పది కూడా లేని పొడుగు దాడుల నుంచి సుమారు 20 శాతం గోల్స్ వచ్చాయన్నమాట. ఒక్కో దాడికి లెక్కేస్తే పొడుగు దాడులే మెరుగు. బాగా ఆడే టీములే ఎక్కువ పాస్‌లు ఇవ్వగలవు కాబట్టి కొంత తేడా అక్కడినుంచి వచ్చి ఉండొచ్చు. ఏదేమైనా, మూడు పాస్‌ల్లో కొట్టేయమని మాత్రం ఆ లెక్కలు చెప్పట్లేదు.

ఇక పాస్‌లే పాస్‌లు అనుకునేవాళ్లకి స్పెయిన్ కథ ఉంది. 2010లో ప్రపంచకప్ గెలిచినప్పుడు ఏడు మ్యాచ్‌ల్లో వాళ్లు కొట్టింది ఎనిమిది గోల్సే, నాకౌట్ మ్యాచ్‌లు నాలుగూ 1-0తో గెలిచారు. అక్కడిదాకా బాగానే ఉంది. 2018లో రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చారు. పడిన ఒక్క గోలూ రష్యా డిఫెండర్ కాలికి తగిలి పడిన సెల్ఫ్ గోలు. చివరికి పెనాల్టీల్లో ఓడిపోయారు. 2022లో మొరాకో మీద మళ్లీ వెయ్యి పాస్‌లు దాటాయి, 120 నిమిషాల్లో ఒక్క గోలూ లేదు, షూటౌట్‌లోనూ ఒక్కటీ పడలేదు. ఆ మ్యాచ్ నేను డిఫెండర్ కళ్లతోనే చూశాను. పాస్‌లు ఎక్కువగా మొరాకో వాళ్ల ముందే తిరిగాయి, వాళ్లని దాటి వాళ్ల వెనక్కి పోయినవి తక్కువ. వాళ్లు అటూ ఇటూ జరిగితే సరిపోయింది, సొంత గోలు వైపు తిరగాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

అదే ప్రపంచకప్ ఫైనల్‌లో అర్జెంటీనా రెండో గోలు దొరికితే మళ్లీ చూడు. సొంత సగంలో మొదలైన బంతి మెస్సీ, అల్వారెజ్, మాక్ అలిస్టర్ మీదుగా కొన్ని సెకన్లలో ఫ్రాన్స్ బాక్స్ దాకా వచ్చింది. మాక్ అలిస్టర్ తనే కొట్టొచ్చు, చాలామంది కొట్టేవాళ్లు కూడా. ఆయన పక్కకి ఇచ్చాడు, డి మరియా కొట్టాడు. ఫ్రాన్స్ డిఫెండర్లు గోలు వైపు పరుగెత్తుతూనే ఉన్నారు. పాస్‌లన్నీ మెరుపు వేగంతో నడిచాయి, షాట్ విషయంలో మాత్రం ఎవరూ తొందరపడలేదు. నా దృష్టిలో నువ్వు నేర్చుకోవాల్సింది మొత్తం ఆ ఒక్క గోలులో ఉంది.

ఇప్పుడు మన గ్రౌండ్ల సంగతి. టీవీలో చూసినట్టు ఇరవై పాస్‌లు మనకి కుదరవు, కుదరకపోవడం ఎవరి తప్పూ కాదు. పదిలో ఎనిమిది పాస్‌లు సరిగ్గా వెళ్లే టీమ్ అనుకుందాం. వరసగా ఐదు పాస్‌లు కలిసేది మూడుసార్లకి ఒకసారి, పది కలిసేది పదిసార్లకి ఒకసారి. గడ్డి లేని నేల, మధ్యలో క్రికెట్ పిచ్ ఉన్న గ్రౌండ్ అయితే ఆ ఎనిమిది ఏడవుతుంది, అప్పుడు ఐదు పాస్‌లు కలిసేది ఆరుసార్లకి ఒకసారే. కాబట్టి ప్రతి పాస్‌కీ ఏదో ఒక పని ఉండాలి: ఒక డిఫెండర్‌ని జరపాలి, లేదా దాటాలి. ఊరికే కాలికి కాలికి మధ్య తిరిగే పాస్ మనకి ఖరీదు. పిచ్ దగ్గర బంతి ఎటు లేస్తుందో చెప్పలేం గనక మధ్యలోంచి కాకుండా పక్కల నుంచి ఆడటం మేలు.

గాలినీ లెక్కలో పెట్టుకో. కొత్తపట్నం వైపు గానీ ఇటు మైపాడు వైపు గానీ ఆడితే, ఎండాకాలంలో పొద్దునంతా పడమటి వడగాలి కొట్టి, సాయంత్రానికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఫస్ట్ హాఫ్‌లో గాలికి ఆగిపోయిన దూరపు షాట్ సెకండ్ హాఫ్‌లో గోలు మీదుగా ఎగిరిపోతుంది. నేల మీద వెళ్లే పాస్‌కి ఈ బాధ చాలా తక్కువ. పైగా రోహిణి కార్తె ఎండలో బంతి వెంట పరుగెత్తేవాడు, బంతిని తిప్పేవాడి కంటే ముందు అలిసిపోతాడు. సెకండ్ హాఫ్‌లో నువ్వు ఎదురుచూసే ఆ సెకను చాలాసార్లు ఇలాగే దొరుకుతుంది.

వెంటనే కొట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కీపర్ ముందుకొచ్చి నిలబడ్డాడు, రీబౌండ్ నీ కాళ్ల దగ్గర పడింది, వాన పడి బంతి జారుతోంది, లేదా వాళ్ల బాక్స్ దగ్గరే బంతి లాక్కున్నావు. ఆ చివరిది ముఖ్యం. బంతి పోగొట్టుకున్న టీమ్ సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అప్పుడు పాస్‌లు లెక్కపెడుతూ కూర్చుంటే నువ్వే వాళ్లకి టైమ్ ఇచ్చినట్టు.

ప్రాక్టీస్‌లో నేను పిల్లలతో ఆడించేది ఇది. చెప్పులు, బ్యాగులు పెట్టి చిన్న గోలు కడతాం. దాడికి నలుగురు, అడ్డుకోవడానికి ముగ్గురు. మొదటి టచ్‌కే కొట్టిన గోలుకి రెండు పాయింట్లు, ఆపి కొట్టినదానికి ఒకటి, దూరం నుంచి కొట్టింది గోలైనా సున్నా. కొన్ని వారాల్లో పిల్లలు తల ఎత్తి డిఫెండర్లని చూడటం మొదలుపెడతారు. తర్వాత ఎడమకాలితోనే కొట్టాలని రూల్ మారుస్తాను. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, 1956 ఒలింపిక్స్‌లో మన జట్టుని సెమీఫైనల్ దాకా తీసుకెళ్లి 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిపించిన కోచ్, ఆటగాళ్లతో బలం లేని కాలితోనే ఆడించి అలవాటు చేయించేవారని చెబుతారు. రెండు కాళ్లతో కొట్టగలిగినవాడికి బంతి సర్దుకోవాల్సిన పని ఉండదు.

మీ కోచ్ మీద కోపం పెట్టుకోవద్దు. "ఇంకో పాస్" అనడంలో ఆయన ఉద్దేశం మంచిదే. రేపు ప్రాక్టీస్ అయ్యాక నెమ్మదిగా ఒక్కటి అడుగు: "సార్, నేను పాస్ ఇచ్చినప్పుడు బాక్స్‌లోకి ఎవరు రావాలి?" ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్లు నిజంగా వచ్చేలా చూస్తే నువ్వు ధైర్యంగా పాస్ ఇవ్వొచ్చు. ఎవరూ రాకపోతే వింగర్‌తో మాట్లాడుకుని కనీసం కట్‌బ్యాక్ ఒక్కటైనా ఇద్దరూ కలిసి సాధన చేయండి.