దుబాయి టికెట్టు చదువుడు ఎట్ల

బిడ్డా శ్రీనూ,

నువ్వు పంపిన టికెట్టు ఫొటో చూసిన. 20వ తారీఖు 3:30కి శంషాబాదుల లేస్తది, 6:00కి దుబాయిల దిగుతది. "రెండున్నర గంటలేనట, కరీంనగర్ పోయి వచ్చినంత" అని మీ అమ్మ సంబురపడుతున్నది. అట్ల కాదు. దిగే టైము ఎప్పుడైనా దిగిన ఊరి గడియారమే. దుబాయి మనకంటే గంటన్నర వెనుక. ఆ గంటన్నర కలుపుకో, నాలుగు గంటలయితది. విమానం దారిల దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు.

వచ్చేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతది. రాత్రి 10కి అక్కడ ఎక్కితే తెల్లారి 3కు ఇక్కడ దిగుతవు. టికెట్టు మీద అయిదు గంటలు కనబడుతది గాని, గాలిల ఉండేది మూడున్నరే. పోయేటప్పటి కంటే అరగంట తక్కువెందుకంటే, పైన గాలి పడమర నుంచి తూర్పుకు కొడుతది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోసే గాలి. చలికాలంల ఇంకా జోరు.

అసలు భయం తారీఖుతోని. 20వ తారీఖు 3:30 అంటే 19 అర్ధరాత్రి దాటినంక. 19న రాత్రి ఇంట్ల అన్నం తిని పండుకొని, పొద్దుగాల లేచి సంచి సదురుకుంటే, విమానం అప్పటికే సముద్రం మీదుంటది. మనూళ్లె ఇట్ల టికెట్టు పైసలు ముంచుకున్నోళ్లు ఉన్నరు. 19న మధ్యాహ్నం మూడింటికే జగిత్యాలల బస్సెక్కు. సికింద్రాబాదుల జేబీఎస్ బస్టాండు దాకా అయిదు గంటలు పట్టుకో. అక్కడ ఏమన్న తిని, పుష్పక్ బస్సుల ఎయిర్‌పోర్టుకు పో. పది, పదిన్నరకు చేరుతవు. తొందరేం కాదు, కూసో. మూడు గంటల ముందు ఉండాలె, గంట ముందు కౌంటర్ మూస్తరు. ఇమిగ్రేషన్ లైను ఎంతుంటదో ఎవడూ చెప్పలేడు.

అక్కడ దిగినంక మళ్ల లైను, సామాను, రూము దాకా బండి. ఇంట్లకెళ్లి రూము దాకా లెక్కేస్తే పద్దెనిమిది గంటల పైనే, అండ్ల ఆకాశంల నాలుగే. అందుకే సర్వపిండి, సకినాలు చేతిసంచిల పెట్టుకో. మామిడికాయ తొక్కు మాత్రం పెద్ద పెట్టెల కట్టు, చేతిసంచిల దొరికితే తీసి పారేస్తరు. పాస్‌పోర్టు, వీసా కాయితం, టికెట్టు ప్రింటు ఒక్క కవర్ల పెట్టు. ఫోన్ల ఉన్నయి కదా అనకు, గేటు కాడికి పోయినంకనే చార్జింగ్ అయిపోతది.

ఇంకో సారి టికెట్టు తీసుకునేటప్పుడు, నడుమ ముంబైల దిగి ఎక్కుడు ఉంటే అగ్గువ అని మురువకు. మొత్తం ఎన్ని గంటలో అడుగు. నాలుగు గంటల దారి పది గంటలు కూడా అయితది.

దుబాయి ఎయిర్‌పోర్టుల టెర్మినల్లు మూడున్నయి. షార్జాది వేరే ఎయిర్‌పోర్టు, అది పక్క ఊరే గాని టికెట్టు మీద పేరు వేరే. నీది ఏ టెర్మినలో ఇయ్యాలనే చూసి, తోలుకపోవటానికి వచ్చే కంపెనీ మనిషికి మెసేజ్ పెట్టు.

మీ పెద్దబాపు