మ్యాపు అచ్చుకిచ్చే ముందు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బెంగళూరు చెరువుల మ్యాపు మారతహళ్లి సిగ్నల్ దగ్గర బస్సులో కూర్చుని ఫోన్లో చూశాను. బాగానే ఉందనిపించింది. ఇంటికెళ్లి, అచ్చులో పడే సైజులో, అంటే 85 మిల్లీమీటర్ల వెడల్పులో ప్రింటు తీశాను. వర్తూరు చెరువు కాస్తా ‘వరూరు’ అయి కూర్చుంది. కాలవ గీత సరిగ్గా తవత్తు మీదుగా పోయింది మరి!

అందుకే మ్యాపులు గీసే ఆ క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ లేఅవుట్ తెరవగానే పేజీకి ఆ 85 పెట్టేసెయ్. పేర్లూ గీతలూ ఆ తర్వాతే. పెద్దగా గీసి చివర్లో కుదించావంటే అక్షరాలూ కుంచించుకుపోతాయి. ఇంగ్లీషు అక్షరాలకి 7 పాయింట్ల సైజు సరిపోతుందేమో గానీ, కింద వత్తులూ పైన గుడులూ ఉన్న మన తెలుగుకి 8 అయినా ఉండాలి. పేరు చుట్టూ సన్నగా తెల్ల అంచు, అదే బఫర్, ఇవ్వు, గీత దాన్ని కొరకదు. అయినా అన్ని వీధులెందుకమ్మా? చెరువులు, కాలవలు, గుర్తుపట్టడానికి రింగ్ రోడ్డు ఉంచి మిగతావి తీసెయ్.

ఎరుపు, ఆకుపచ్చ రంగులు పక్కపక్కన పెట్టావు. మీ నాన్నకి చూపించావా? చిన్నప్పుడు వాడు తోటలో పండుమిరప వదిలేసి పచ్చివి కోసుకొచ్చేవాడు. వ్యూ మెనూలో ప్రివ్యూ మోడ్ ఉంటుంది, వాడి కంటికి ఎలా కనిపిస్తుందో అక్కడ చూడొచ్చు. ముదురు నుంచి లేతకి మెట్లుమెట్లుగా పోయే విరిడిస్ రంగుల వరుస వాడు, నలుపు తెలుపులో అచ్చేసినా ఆ మెట్లు తెలుస్తాయి.

వార్డుకెన్ని బోర్లని రంగు నింపితే పెద్ద వార్డే చాలాసార్లు ముదురుగా కనిపిస్తుంది. చదరపు కిలోమీటరుకి లెక్కకట్టు. ఆ వార్డులు ఏ ఏటివో కూడా రాయి, పాత 198 వార్డుల హద్దులకీ తర్వాతివాటికీ పొంతన ఉండదు.

ఉత్తర దిక్కు బాణానికి అంత అలంకారం వద్దు. నా తొలి మ్యాపులో నేనూ దానిమీద రెండు రోజులు కూర్చుని, రంగుల అర్థం చెప్పే లెజెండులో అంకెలు ఎకరానికో హెక్టారుకో రాయడం మర్చిపోయాను. అలాగే అచ్చయింది.

రోడ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు నుంచి తీసుకున్నావు కాబట్టి ఆ పేరు మూలన ఉండాల్సిందే. ఫైలు పీడీఎఫ్‌గా పంపు, బొమ్మే కావాలంటే 300 డీపీఐ. దానికి ముందు ఒక కాపీ జిరాక్సు తీయించి మీ నాన్న చేతికిచ్చి, వర్తూరెక్కడుందో వేలు పెట్టి చూపించమను.

మీ పెదనాన్న